ఆకు ఒకటే, బలం వేరు

1960లలో రేపల్లెలోని మా అమ్మమ్మగారి దొడ్డికి అడ్డసరం మొక్కలే కంచె. ఆ ఆకు ఎంత చేదంటే మేకలు కూడా ముట్టవు. పిల్లలకు దగ్గు వస్తే అమ్మమ్మ పది ఆకులు కోసి కషాయం కాచి, అరగ్లాసు తాగించేది. ఆ కషాయం మర్నాటికి పనికిరాదు.

తెనాలి మందులకొట్టులో అదే ఆకు సారం సీసాల్లో నెలల తరబడి నిలవ ఉండేది. దానిని లాటినులో "ఎక్స్‌ట్రాక్టమ్ లిక్విడమ్" అనేవారు. అంటే ద్రవసారం. ఎండాకు పొడి గుండా ఆల్కహాలు కలిపిన నీటిని చుక్కచుక్కగా దింపుతారు. మొదట దిగినదాన్ని విడిగా ఉంచి, తరవాత దిగినదాన్ని ఇగిర్చి అందులో కలుపుతారు. సాధారణంగా ఒక గ్రాము ఎండుమందు సారం ఒక్క మిల్లీలీటరులో ఇమిడి ఉంటుంది. ఆల్కహాలు దాన్ని చెడిపోనివ్వదు.

ఒకసారి బాపట్లలో మా పిన్ని, తమ్ముడి దగ్గుకు ఆ సీసా తీసి గ్లాసులో వంచబోయింది.

"అడ్డసరమే గదండీ!" అన్నది.

"ఆకు అదే, బలం అది కాదు. ముందు చీటీ చూడు," అని బాబాయి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. చీటీమీద ఉన్నది కొద్ది చుక్కలు మాత్రమే, అదీ నీళ్ళలో కలిపి!

లెక్క చూడండి. పది పచ్చి ఆకుల్లో ఎక్కువ భాగం నీరే. ఎండితే మిగిలేది కొద్ది గ్రాములు. వంద మిల్లీలీటర్ల ద్రవసారమంటే 100 గ్రాముల ఎండాకు, పైగా ఆల్కహాలు. పసివాడికి అది ప్రమాదం కాదూ?

ఇప్పుడు మందులకొట్లలో ద్రవసారం పేరు అరుదు. అడ్డసరంలోని వాసిసిన్ అనే పదార్థం ఆధారంగా శాస్త్రజ్ఞులు తయారుచేసిన బ్రోమ్‌హెక్సిన్ 1963లో వాడుకలోకి వచ్చింది. దాని బిళ్ళలో మందు 8 మిల్లీగ్రాములే. అందుకే మందు పేరుతోపాటు కొలత కూడా చదవాలి.