మా ఇంట్లో స్పానిష్ బడి

"పిల్లల్ని ఇంట్లోనే చదివిస్తున్నాం" అని చెప్పగానే మనవాళ్ళు చాలామంది అడిగేది ఒకటే. "మరి లెక్కలో?" లెక్కల గురించి మనకి బెంగేమిటండీ, ఇంటికో ఇంజనీరు ఉన్నాడు కదా! మాకు అసలు తలనొప్పి స్పానిష్‌తో వచ్చింది.

మేముండేది టెక్సాస్‌లో, డాలస్ శివార్లలో. ఇక్కడ ఇంటి చదువుకి చట్టంతో పెద్ద పేచీ లేదు. ఇంటి బడిని కూడా ప్రైవేటు బడిగానే లెక్కించాలని 1994లో ఈ రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. చదవడం, స్పెల్లింగు, గ్రామరు, లెక్కలు, మంచి పౌరుడిగా మెలగడం నేర్పితే చాలు. పరాయి భాష ఆ జాబితాలో లేదు. కానీ ఇక్కడి పబ్లిక్ హైస్కూల్లో డిప్లొమా కావాలంటే వేరే భాషలో రెండు క్రెడిట్లు ఉండాలి. చాలా కాలేజీలు కూడా అదే ఎదురుచూస్తాయి. మా అమ్మాయికి పదమూడేళ్ళు, అబ్బాయికి తొమ్మిది. ఇంట్లో ఒక్క జీతం. భాష కోసం ఇద్దరికీ కలిపి ఏడాదికి మూడు వందల డాలర్లు తీసి పక్కన పెట్టాం. అంతకు మించి కుదరదు.

ఈ సంగతి ఫోన్లో చెబితే తెనాలి నుంచి మా అత్తయ్య ఒకే ఒక్క మాటన్నారు. "ఉన్న భాష ఊడిపోతుంటే కొత్తది కొనిపెడుతున్నావా అమ్మా?" ఆవిడ కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. ఎందుకంటే ఆవిడతో మా పిల్లల తెలుగు అప్పటికే "బాగున్నా నానమ్మా, తిన్నా నానమ్మా, ఇదిగో నాన్నకిస్తున్నా" దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

సరే, వెతకడం మొదలుపెట్టాను. బాగా పేరున్న ఒక కంప్యూటర్ కోర్సు రెండు వారాలు ఉచితంగా ఇచ్చి చూడమంది. రంగురంగుల బొమ్మలు, సరైన బొమ్మ నొక్కితే గంట మోగుతుంది. మావాడు రోజూ నూటికి నూరు. ఒక రాత్రి భోజనాల దగ్గర, "మంచినీళ్ళు కావాలని స్పానిష్‌లో అడగరా, ఇస్తాను" అన్నాను. బిక్కమొహం వేసి, "బొమ్మ చూపించు, చెప్తాను" అన్నాడు! పైగా ఇద్దరు పిల్లలకి రెండు లైసెన్సులు కొనాలట. ట్రయల్ అయిపోగానే దానికో దండం పెట్టేశాం.

ఆన్‌లైన్లో నేరుగా టీచరుతో చెప్పించే క్లాసులు నిజంగా బాగున్నాయి. కానీ వారానికి రెండు చొప్పున ఇద్దరికీ లెక్క వేస్తే, ఆగస్టులో మొదలుపెట్టిన మా మూడు వందలు దీపావళికి ముందే హరించుకుపోతాయి.

చివరికి దారి చూపింది మా ఊరి లైబ్రరీ. మనం కట్టే పన్నులతో నడిచేదే కదా, ఎందుకు వదలాలి? పిమ్స్లర్ వాళ్ళ ఆడియో పాఠాలు అక్కడ దొరికాయి. ఒక్కో పాఠం అరగంట. పుస్తకం అక్కర్లేదు, వాళ్ళు అడుగుతుంటే మనం పైకి జవాబు చెప్పాలి. ఈత క్లాసుకి వెళ్ళొచ్చే దారిలో కార్లో ఒక పాఠం అయిపోతుంది. ఇక నా కోసం, అమెరికా ప్రభుత్వం తన దౌత్యాధికారులకి నేర్పడానికి తయారుచేసిన పాత ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ పాఠాలు దింపుకున్నాను. పైసా ఖర్చు లేదు. టైపు మిషను అక్షరాలు, ఒకే వాక్యాన్ని ఇరవై రకాలుగా తిప్పి తిప్పి చెప్పించడం. పిల్లలు భరించలేరు గానీ, ఎక్కాలు వల్లెవేసి పెరిగిన మనకి అదేమంత కష్టం కాదు.

ఆ సంస్థ లెక్క ఒకటి నన్ను ఆపేసింది. ఇంగ్లీషు మాట్లాడే దౌత్యాధికారి పనికి సరిపడా స్పానిష్ నేర్వడానికి సుమారు 30 వారాలు పడుతుందట. తెలుగుకైతే 44 వారాలు, అంటే 1,100 గంటల క్లాసులు! మన వంటింట్లో ఉచితంగా దొరికేదాని ఖరీదు అదన్నమాట. అత్తయ్యకి వెంటనే ఫోన్ చేసి చెప్పాను. "మరి వాడేది ఆ గంటల్ని?" అన్నారు. ఆవిడతో గెలవడం కష్టం.

ఆ ప్రశ్నకి జవాబు అనుకోని చోట దొరికింది. "నాకు ఇష్టం" అనడానికి స్పానిష్‌లో "మె గుస్తా" అంటారు. ఇంగ్లీషు పద్ధతిలో ఆలోచించే పిల్లలు ఇక్కడ తికమకపడతారు, ఎందుకంటే అక్కడ ఇష్టపడేది "నేను", ఇక్కడ "నాకు". మా అమ్మాయి కార్లో ఠక్కున పాఠం ఆపి, "అమ్మా, ఇది నానమ్మ మాట్లాడినట్టే ఉంది! నాకు మామిడిపండు ఇష్టం!" అంది. అక్కణ్ణించి ఇద్దరికీ అదొక ఆటయింది. "నాకు తల నొప్పిగా ఉంది" అన్నా అంతే, "మె దువేలె లా కబేసా". మనం "వచ్చాను" అంటే ఎవరు వచ్చారో ఆ మాటలోనే తెలిసినట్టు, వాళ్ళకీ క్రియలోనే తెలిసిపోతుంది, "నేను" అక్కర్లేదు. మనకి నువ్వు, మీరు ఉన్నట్టే వాళ్ళకి తూ, ఉస్తెద్. మన త, ద వాళ్ళకీ ఉన్నాయి. మన అల్మారా పోర్చుగీసు వాళ్ళు ఇచ్చిన మాట, స్పానిష్‌లో దాని చుట్టం అర్మారియో.

మావాడిది ఇంకో కథ. ఇంగ్లీషు అక్షరాల్లో చూస్తే "కాసా"ని "కేసా" అంటున్నాడు. వారాంతపు తెలుగు బడిలో గుణింతాల దగ్గరే చతికిలబడినవాడు, ఇప్పుడు స్పానిష్ మాటల్ని తెలుగు అక్షరాల్లో రాసుకుంటున్నాడు. కాసా, మేసా, ఓలా. నోట్‌బుక్ చూసినవాళ్ళకి అది ఏ భాషో అర్థం కాదు గానీ, వాడి దీర్ఘాలు, ఏత్వాలు మాత్రం చక్కబడ్డాయి.

మాట్లాడటానికి మనిషి కావాలి కదా. మా వీధి చివర మెక్సికో నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉంది. పిల్లలు అబ్వేలా అంటారు, అంటే బామ్మ. మంగళవారం మధ్యాహ్నం గంటసేపు వీళ్ళతో స్పానిష్‌లో కబుర్లు చెబుతుంది. బదులుగా వాళ్ళ మనవడికి మావారు ఆల్జీబ్రా చెబుతారు. (చూశారా, లెక్కలు మళ్ళీ ఆదుకున్నాయి.) చింతపండు పానకం మొదటిసారి ఆవిడ ఇంట్లోనే తాగాం. పచ్చిమామిడి ముక్కల మీద ఉప్పూ కారం చల్లి ఇచ్చినప్పుడు, ఈవిడ గుంటూరు మనిషేమో అనిపించింది.

"తెలుగునే ఆ రెండు క్రెడిట్లుగా చూపించెయ్యొచ్చుగా?" అని మావారు అడిగారు. చూపించొచ్చు. ఇంటి చదువులో మార్కుల పత్రం రాసేది మనమే. కానీ బయటివాళ్ళ పరీక్ష ఒకటి తోడుంటే కాలేజీ నమ్ముతుంది. ఏసీటీఎఫ్ఎల్ మౌఖిక పరీక్ష తెలుగులో కూడా ఉంది. స్పానిష్‌కైతే క్లెప్ పరీక్ష ఉంది, ఫీజు వంద డాలర్ల దరిదాపుల్లో. అందులో నెగ్గితే చాలా కాలేజీలు క్రెడిట్లు ఇస్తాయి, ఎన్ని అన్నది మాత్రం ఆ కాలేజీనే ముందు అడగాలి. మా అమ్మాయి పదహారో ఏట రెండూ రాస్తానంటోంది. చూడాలి.

మీరెవరైనా ఏదైనా ప్రోగ్రాం కొనబోతుంటే ముందు లైబ్రరీకి వెళ్ళండి. ట్రయల్ ఇస్తే తీసుకుని, అది ముగిసేలోగా స్క్రీన్ ఆపేసి పిల్లల చేత మంచినీళ్ళు అడిగించండి. ఒక్క ఫీజుకి ఎంతమంది పిల్లలు చదవొచ్చో కూడా చూసుకోండి.

ఈ ఏడాది మా ఖర్చు అరవై రెండు డాలర్లు. ఒక వ్యాకరణం పుస్తకం, రెండు కథల పుస్తకాలు, అబ్వేలాకి పండక్కి పెట్టిన శాలువా. అత్తయ్యకి ఫోన్ చేసినప్పుడల్లా పిల్లలు ఇప్పుడు "దీన్ని తెలుగులో ఎలా అంటారు నానమ్మా?" అని పది మాటలైనా అడుగుతున్నారు. ఆవిడ కూడా "గ్రాసియాస్" నేర్చుకుని పాలవాడి మీద ప్రయోగించారట. మావాడు మాత్రం కిందటి వారం నుంచి జపనీస్ కావాలని పట్టుపట్టాడు. లైబ్రరీలో ఉందేమో శనివారం వెళ్ళి చూడాలి.