బాటసారుల విడిదిలో పచ్చని తోట

దూరప్రయాణము చేయు స్త్రీకి దారిలో మొదటి చింత భోజనమును గూర్చినది గాదు. కాలకృత్యములకు శుభ్రమైన చోటు దొరకునా యనునదే. ఆ భయముచేతనే మన యాడువారు పెక్కుమంది బయలుదేరినది మొదలు గొంతు తడుపుకొనుటకైన జంకుదురు. అందుచే నొక మంచి విడిదిని గూర్చి సోదరీమణులకు దెలుపుట యుచితమని తలంచితిమి.

అమెరికాలోని వెర్మాంటు రాష్ట్రమున, కెనడా సరిహద్దువరకు బోవు 89వ నంబరు రాజబాటపై షారన్ అను చిన్న యూరిచెంత నీ విడిది గలదు. వియత్నాం యుద్ధమున బాల్గొన్న యా రాష్ట్రపు సైనికులకు 1982లో నిచ్చటనే స్మారకచిహ్నమును నెలకొల్పిరి. విడిదిభవనమును 2005లో గ్రొత్తగా గట్టిరి. బోస్టనునుండి బర్లింగ్టనునకు కారులో బోవుచు మేమిచ్చట నాగితిమి.

మరుగుదొడ్ల శుభ్రత మమ్ము సంతోషపెట్టినది గాని, ఆశ్చర్యపెట్టినది అచ్చటి యద్దాల యిల్లు. వెలుపల చలి, లోపల తొట్లనిండ వెడల్పాకుల మొక్కలు. వాని వ్రేళ్లు మునిగియున్నది మరుగుదొడ్లనుండి వచ్చిన నీటిలోనే! జాన్ టాడ్ అను శాస్త్రజ్ఞుని యూహనుండి పుట్టిన యీ పద్ధతికి 'జీవయంత్ర'మని పేరు.

ఇంటి మురుగునకును విడిది మురుగునకును భేదము గలదు. ఇంట స్నానపు నీరు, బట్టలుతికిన నీరు కలిసి మాలిన్యము పలుచబడును. విడిదిలో నట్టి నీరుండదు గాన అమోనియా మిక్కుటముగా నుండును. సెలవుదినమున జనము వెల్లువయై వత్తురు, మరునాడు పలుచబడుదురు. పట్టణపు మురుగుకాలువయు సాధారణముగ దరిదాపుల నుండదు. ఈ మురుగును శుద్ధిచేయక భూమిలోనికి విడిచినచో, అమోనియా నైట్రేటుగా మారి బావులలో జేరవచ్చును. అట్టి నీటితో గలిపిన డబ్బాపాలు త్రాగు పసికందులకు రక్తమున ప్రాణవాయువు కొరవడి మేను నీలివర్ణమగు వ్యాధి కలుగవచ్చును.

జీవయంత్రమున మురుగు మొదట మూసిన తొట్టిలో నిలువగా మడ్డి యడుగునకు దిగును. పిమ్మట గాలి నూదు తొట్లలో సూక్ష్మజీవులు మాలిన్యమును దిని, అమోనియాను నైట్రేటుగా మార్చును. గాలి తగులని చోట మరికొన్ని జీవులు నైట్రేటును నత్రజని వాయువుగా మార్చి విడుచును. మొక్కల వ్రేళ్లు వీనికి నివాసము. చలిలో నీ జీవులు మందగించును గనుకనే యద్దాల యిల్లు. తుదకు నీటిని దేర్చి, వడగట్టి, క్రిములను జంపి, మరుగుదొడ్లకే మరల బంపుదురు. ఆ నీరు త్రాగుటకు గాదు.

ఇది మంత్రము గాదు. గాలిమర నిలిచినచో దుర్గంధము పుట్టును. ఘాటైన క్రిమిసంహారక ద్రవములు మితిమీరి పోసినచో మేలుచేయు జీవులును జచ్చును. గుడ్డలు పడవేసినచో గొట్టములు పూడుకొనును. కావున నిందు వాడుకొనువారి బాధ్యతయు గలదు.

మన తెలుగునాటను రాజబాటలు విశాలమగుచున్నవి, ప్రక్కల భోజనశాలలు వెలయుచున్నవి. మనకట్టి చలి లేదు గాన నద్దాల యిల్లక్కఱలేదు. ఎండయే మనకు దోడు. నేల తళతళలాడుచున్నదా యని చూచుటతో మన విచారణ ముగియరాదు. నీరెచ్చటికి బోవుచున్నదని కూడ నడుగవలెను. ఆ వెనుకగోడ యావల బావినీరు దోడుకొను తల్లి యొకతె యుండును.