పేరు చెప్పని గది

గది చూపించకుండా ముందే డబ్బు కట్టమంటే నర్సీపట్నంలో ఏ లాడ్జిలోనైనా బేరం అక్కడితో ఆగిపోతుంది. తాళంచెవి పుచ్చుకుని మేడ మీదికి వెళ్ళి, ఫ్యాను వేసి, పరుపు మీది దుప్పటి ఎత్తి, బాత్రూములో కుళాయి తిప్పి చూసి, అప్పుడు కిందికొచ్చి "ఎంతకిస్తారు?" అని అడగడం మనకు అలవాటు. అలాంటిది, హోటలు పేరే చెప్పకుండా, కట్టిన డబ్బు వెనక్కి రాదని షరతు పెట్టి మరీ గదులమ్మే పద్ధతి అమెరికాలో పాతికేళ్ళ పైనుంచీ నడుస్తోంది. మన తెలుగు కుటుంబాలు కూడా అలా గదులు పట్టుకుని నయాగరాకీ లాస్ వేగాస్‌కీ వెళ్ళొస్తున్నాయి. ఆ పద్ధతిలో మంచి కిటుకు ఉంది. మన లంబసింగి దారిలో అది చాలామందికి పనికొస్తుందని నా నమ్మకం.

1998లో జే వాకర్ అనే ఆయన ప్రైస్‌లైన్ మొదలుపెట్టి, మీ ధర మీరే చెప్పండి అన్నాడు. ఊరూ, పేటా, ఎన్ని నక్షత్రాల హోటలు కావాలో ఎంచుకుని, ఇంత ఇవ్వగలనని చెప్పి కార్డు నంబరు ఇచ్చేయాల్సి ఉండేది. ఆ ధరకి ఏదో ఒక హోటలు సరేనంటే వెంటనే డబ్బు పడిపోయేది, హోటలు పేరు ఆ తరవాతే తెలిసేది. 2000లో వచ్చిన హాట్‌వైర్ ఆ వేలంపాట తతంగం తీసేసి, ధర తనే చెప్పి, పేరు మాత్రం దాచింది. ఇప్పుడు ప్రైస్‌లైన్‌లోనూ ఎక్స్‌ప్రెస్ డీల్స్ పేరుతో నడిచేది దాదాపు ఇదే. ఇంగ్లండులో లాస్ట్‌మినిట్ వాళ్ళు టాప్ సీక్రెట్ హోటళ్ళని అమ్ముతారు.

పేరు ఎందుకు దాచాలి? ఈ రాత్రి ఖాళీగా ఉన్న గది రేపు పొద్దున్నకి ఎందుకూ కొరగాదు. వారపు సంతలో పొద్దువాలాక వంకాయలు మిగిలితే సగం ధరకి కేకేసి అమ్మేస్తారు, అయినా మిగిలితే ఇంటికి పట్టుకెళ్ళి వండుకుంటారు. హోటలుకి ఆ రెండూ కుదరవు. రాత్రిని దాచుకోలేదు, కేకేసి తగ్గించనూలేదు. తగ్గించిన ధర అందరికీ తెలిస్తే నిన్న నిండు ధర కట్టినవాడు నిలదీస్తాడు, రేపు రాబోయేవాడు ఆ తగ్గింపు కోసమే కాచుక్కూర్చుంటాడు. అందుకని పేరుకి ముసుగేసి, ఎక్కడ పడుకున్నా పరవాలేదనుకునే మనిషికి చవగ్గా ఇచ్చేస్తుంది. పేరు చూసి వచ్చేవాడు ఎలాగూ నిండు ధర కడతాడు. ఇద్దరికీ నష్టం లేని ఏర్పాటు ఇది.

దీని లోతుపాతులు నాకు చెప్పింది న్యూజెర్సీలో ఉండే మా మేనకోడలు. నేను అక్కడ ఉన్నప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని ఫోనులో చూపించింది. పటం మీద ఊళ్ళో కొంత మేర గీత గీసి ఉంది. దాని కింద మూడున్నర నక్షత్రాలు, ఇదివరకు దిగినవాళ్ళు వేసిన మార్కులు, పొద్దుటి ఫలహారం, ఉచిత పార్కింగ్, ఈత కొలను. పక్కనే ధర. పేరు లేదు.

"మామయ్యా, ముందు ఈ గీత ఎంతదూరం పోయిందో చూడాలి. ఊరి నడుమ అనుకుంటాం, గీత చివర విమానాశ్రయం దాకా సాగి ఉంటుంది" అంది. తరవాత అదే స్థాయి హోటళ్ళు పేర్లతో ఉన్న జాబితా తెరిచి, సౌకర్యాలు ఒక్కొక్కటీ పోల్చింది. ఈత కొలను ఉండి, ఫలహారం పెట్టి, పార్కింగుకి డబ్బు తీసుకోని హోటళ్ళు ఆ గీత లోపల ఒకటో రెండో మిగులుతాయి. దాదాపు పేరు పట్టేసినట్టే. ప్రైస్‌లైన్ వాళ్ళు ఒక్కోసారి మూడు పేర్లు బయటపెట్టి వీటిలో ఒకటి మీదంటారు. మూడింట్లో ఏది వచ్చినా పరవాలేదనుకుంటేనే అది తీసుకోవాలంది. పన్నులు, హోటలు విడిగా వేసే రిసార్ట్ ఫీజు కలిశాక మొత్తం ఎంతో చూడందే మీట నొక్కదు. లాస్ వేగాస్‌లో గది కారుచవగ్గా దొరికినా ఆ ఫీజు గది అద్దెతో పోటీపడుతుంది. శాన్ ఫ్రాన్సిస్కో లాంటి ఊళ్ళ నడిబొడ్డున కారు నిలిపినందుకే రాత్రికి 50 డాలర్లు దాటే చోట్లున్నాయి.

ఇంత నేర్పరి, వాళ్ళమ్మని వెంటబెట్టుకుని వెళ్ళేటప్పుడు మాత్రం ఈ జోలికి పోదు. "అమ్మకి మోకాళ్ళు, మామయ్యా. కింది అంతస్తు కావాలి, రెండు మంచాలు కావాలి. ఇందులో ఇద్దరికి చోటుంటుందనే భరోసా తప్ప ఒక మంచమో రెండు మంచాలో మనం ఎంచుకోలేం" అంది. నాలుగు రోజుల ప్రయాణమైతే చిన్న రైస్ కుక్కరూ, ఆవకాయ సీసా పెట్టెలో పెట్టుకుని, చిన్న వంటగది ఉన్న గది పేరు చూసుకుని నిండు ధరకే తీసుకుంటుంది. తనూ భర్తా ఇద్దరే వెళ్తే ముసుగు గదే. ఆ విచక్షణ నాకు ఎంతో నచ్చింది. తగ్గింపు ధర అంటే మనం వదులుకున్న ఎంపికకి వాళ్ళిచ్చే సొమ్ము. వదులుకోలేనివి ఉన్నవాళ్ళు ఆ సొమ్ముకి ఆశపడకూడదు.

మనకిది కొత్తేమీ కాదు కూడా. తిరుమల వెళ్ళినప్పుడు మనం చేసేది ఇదే. సెంట్రల్ రిసెప్షన్ ఆఫీసు దగ్గర పేరు రాయించుకుని, ఫోనుకి మెసేజ్ వచ్చేదాకా సామాన్లతో కూర్చుంటాం. 50 రూపాయల గదా, 100 రూపాయల గదా అన్నది తెలుసు. ఏ కాటేజీలో, ఎన్నో అంతస్తులో అన్నది మెసేజ్ వస్తే గానీ తెలియదు. గరుడాద్రి నగర్ వచ్చినా, శేషాద్రి నగర్ వచ్చినా నోరెత్తకుండా సంచులు భుజాన వేసుకుంటాం. తాళంచెవికి ముందు కుళాయి తిప్పి చూస్తామనే మాటే రాదు. గదిలో నీళ్ళుంటాయని, తలుపుకి గడియ ఉంటుందని, కట్టిన కాషన్ డిపాజిట్ వెనక్కొస్తుందని దేవస్థానం మీద నమ్మకం. అద్దె ముందే తెలిసి, పూచీ పడేవాళ్ళుంటే, పేరు తెలియని గదికి తెలుగువాడు జంకడు.

మన దగ్గర ఫోను యాప్‌లు దీన్ని తలకిందులు చేశాయి. పేరు ముందే చెప్తాయి, ఫొటోలు చూపిస్తాయి. అక్కడికి వెళ్ళాక గది ఎలా ఉంటుందన్నది మాత్రం తెలియదు. ఆధార్ మీద ఇదే జిల్లా అడ్రసు కనిపిస్తే "లోకల్ వాళ్ళకి ఇవ్వం" అనే చోట్లు ఇంకా ఉన్నాయి. డబ్బు కట్టేశాక రాత్రి పది గంటలకి, చంటిపిల్లతో ఉన్నవాళ్ళకి ఆ మాట చెప్పడం చాలా అన్యాయం. మనలాంటివాళ్ళకి మంచి ఉపాయం, యాప్‌లో ధర చూసుకుని లాడ్జికి నేరుగా ఫోన్ చేయడం. యాప్ వాడికి పోయే కమిషన్ మిగులుతుంది కనక, మేనేజరు సాధారణంగా ఒక మెట్టు దిగుతాడు.

ఇక లంబసింగి. చింతపల్లి మండలంలో, సముద్రమట్టానికి వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న చిన్న ఊరు. కొర్రబయలు అని దానికి ఇంకో పేరు. నవంబరు నుంచి జనవరి దాకా అక్కడి మంచు చూడడానికి, శనివారం రాత్రయితే విశాఖ నుంచీ రాజమండ్రి నుంచీ కార్లూ బైకులూ బయలుదేరి, నర్సీపట్నంలో టీ తాగి, డౌనూరు మీదుగా ఘాట్ ఎక్కుతాయి. నిద్ర చాలని కుర్రాళ్ళు మంచులో ఆ మలుపులు తిప్పుతుంటే భయమేస్తుంది. పైన ఉన్న కాసిని గదులూ నెల ముందే అయిపోతాయి. మిగిలినవి గుడారాలు. మడతమంచం, రెండు కంబళ్ళు, బయట చలిమంట, అందరికీ కలిపి ఒకటో రెండో మరుగుదొడ్లు. డిసెంబరు ఆఖరివారంలో దానికి అడిగినంత ఇచ్చుకోవాలి.

ఆ రోజుల్లో కొండ మీద చవక గది కోసం వెతకడం దండగ. అక్కడ గదులు పెరగకపోవడానికి గట్టి కారణం ఉంది. అది ఏజెన్సీ, అంటే గిరిజన ప్రాంతం. 1970 నాటి భూబదలాయింపు చట్టం, మనవాళ్ళు వన్ ఆఫ్ సెవెంటీ అనేది, గిరిజనేతరులు అక్కడ భూమి కొనకుండా అడ్డుకుంటుంది. పెద్ద హోటళ్ళు వచ్చి వరసగా కట్టుకుపోలేవు. అది అలాగే ఉండాలి. గిరిజన కుటుంబం తన పెరట్లో గుడారమేసి, రాగి జావ కాచి, తన స్ట్రాబెర్రీలు అమ్ముకుంటే, దయచేసి అక్కడ ధర తగ్గించమని అడగకండి. ఏడాదిలో వాళ్ళకి నాలుగు రూపాయలు కనబడేది ఆ రెండు మూడు నెలలే.

బేరం ఆడాల్సింది కొండ కింద, మా ఊరు నర్సీపట్నంలో. ఆర్టీసీ కాంప్లెక్సు చుట్టుపక్కలా, అబీద్ సెంటర్ దరిదాపుల్లో ఉన్న లాడ్జీలు మంగళ, బుధవారాల్లో సగం ఖాళీగా ఉంటాయి. పెళ్ళిళ్ళు లేని రోజు చూసుకుంటే ఇంకా చవక. ఇరవై నాలుగు గంటల చెకౌట్ ఉన్న లాడ్జి అయితే అదృష్టమే. రాత్రి ఎనిమిదికి దిగండి. వేడన్నం తిని పడుకోండి. తెల్లవారుజామున నాలుగింటికి లేచి ముప్పై కిలోమీటర్లు ఎక్కితే లంబసింగి పక్కనున్న చెరువులవేనం దగ్గర మబ్బుల మీద తెల్లారుతుంది. తాజంగి జలాశయం చూసుకుని, మధ్యాహ్నానికి దిగి వచ్చి వేణ్ణీళ్ళ స్నానం చేసి, ఓ కునుకు తీయండి. ఓపికుంటే సాయంత్రం కృష్ణదేవిపేట వెళ్ళి అల్లూరి సీతారామరాజు సమాధి దగ్గర కాసేపు నిలబడి, ఎనిమిది లోపల గది ఖాళీ చేయొచ్చు. ఒక్క రోజు అద్దెకి రెండు పూటల విశ్రాంతి, ఘాట్ మీద నిద్రమత్తు లేని డ్రైవరు. రైల్లో వచ్చేవాళ్ళకి ఒక మాట. నర్సీపట్నం రోడ్ స్టేషన్ పేరు చూసి ఊళ్ళోనే దిగుతాం అనుకోకండి, అక్కడినుంచి పాతిక కిలోమీటర్లకు అటూ ఇటూగా రావాలి. ఆ ఆటో ఖర్చు లెక్కలో వేసుకోండి.

ముసుగు గదుల పద్ధతి మా ఊరికి సరిగ్గా సరిపోయేది ఇక్కడే. లాడ్జీల వాళ్ళు నలుగురూ కలిసి సీజనులో కాంప్లెక్సు దగ్గర ఒక కౌంటరు పెట్టి, ఖాళీ గదులన్నీ ఒకే ధరకి, తిరుమలలోలాగా వరసలో ఇచ్చేయొచ్చు. లాడ్జి పేరు ఎవరికీ అక్కర్లేదు. కౌంటరు బోర్డు మీద రాయాల్సినవి వేరే ఉన్నాయి: ఉతికిన దుప్పట్లు, తెల్లవారుజామున మూడున్నరకి వేణ్ణీళ్ళు, ఆ వేళకి గేటు తీసే మనిషి, బండి పెట్టుకునే చోటు, ఆడవాళ్ళు లోపలినుంచి వేసుకోగల గట్టి గడియ. వీటిలో ఒక్కటి లేకపోయినా డబ్బు అక్కడికక్కడే వాపసు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక కొండ అల్లూరి జిల్లాకీ మా ఊరు అనకాపల్లి జిల్లాకీ పోయాయి. అందువల్ల ఈ యాత్రికుల సంగతి ఒకే చేతి కింద లేదు. కౌంటరుకి మాత్రం రెండు జిల్లాల అనుమతి పని లేదు. లాడ్జీల వాళ్ళు కార్తీకంలో ఒక సాయంత్రం కూర్చుని మాట్లాడుకుంటే, మార్గశిరం మంచుకి బోర్డు సిద్ధమవుతుంది.