సంతకం ఎవరిది?

న్యూజెర్సీ నుంచి దేవరకొండకు ఫోన్ చేస్తే మా మేనత్త ఈమధ్య భూమి సంగతి ఎత్తనియ్యదు. "ఫోన్ల వద్దు బిడ్డా, ఎవరన్న ఇంటుంటరు. వచ్చినప్పుడు మాట్లాడుకుందాం" అంటుంది. ఆమె పంపకాల లెక్కలు వినే తీరిక ఏ పోలీసుకూ ఉండదనుకోండి. కానీ 2024 మార్చిలో హైదరాబాద్ పంజగుట్ట ఠాణాలో ఫోన్ ట్యాపింగ్ కేసు పెట్టినప్పటి నుంచి టీవీలో ఆ మాట ఆగలేదు. ఆ నవంబర్‌లో నకిరేకల్ మాజీ ఎమ్మెల్యే చిరుమర్తి లింగయ్యను విచారణకు పిలవడంతో ముచ్చట మా నల్లగొండకూ పాకింది.

ఆ కేసు తిరిగేది రాష్ట్ర పోలీసుల ప్రత్యేక నిఘా విభాగం ఎస్ఐబీ చుట్టూ. దాని పని మావోయిస్టుల మీద నిఘా. ఆ అవసరాన్ని పాలమూరు వాళ్లు తేలిగ్గా తీసెయ్యలేరు. 2005 ఆగస్టు 15న నారాయణపేటలో మక్తల్ ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డిని మావోయిస్టులు కాల్చి చంపారు. అదే విభాగం రాజకీయ నాయకుల, జర్నలిస్టుల ఫోన్లు విన్నదని, 2023 ఎన్నికల ఫలితాలొచ్చిన మర్నాడే, డిసెంబర్ 4 రాత్రి, హార్డ్ డిస్కులు పగలగొట్టి మూసీలో పడేశారని పోలీసుల అభియోగం. (ఆ మూసీ మా జిల్లా వాడపల్లి దగ్గరే కృష్ణలో కలుస్తుంది.) విభాగం మాజీ అధిపతి ప్రభాకర్‌రావు ఏడాదికి పైగా అమెరికాలోనే ఉండి 2025 జూన్‌లో తిరిగెళ్లారు. ఆరోపణలను ఆయన ఒప్పుకోవడం లేదు.

మన దేశంలో ఫోన్ వినడానికి జడ్జి అనుమతి అక్కర్లేదు, హోం కార్యదర్శి సంతకం చాలు. 1996లో పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు గడువులు, సమీక్ష కమిటీ పెట్టింది. ఆ కమిటీలోనూ అధికారులే. అమెరికాలో 1968 చట్టం నుంచి జడ్జి ఉత్తర్వు కావాలని ఇక్కడి మిత్రులు గొప్పగా చెబుతారు. అది నేర విచారణల సంగతి. విదేశీ గూఢచార సమాచారం కావాలంటే, అక్కడి విదేశీ నిఘా చట్టం (ఫీసా) 702 సెక్షన్ కింద, బయటి దేశాల్లో ఉన్న విదేశీయుల మీద విడివిడి వారంటు లేకుండానే నిఘా పెట్టొచ్చు. మా అత్త ఆ లెక్కలోకే వస్తుంది. మా సంభాషణకు అటూ జడ్జి లేడు, ఇటూ లేడు.

జడ్జి ఉంటే కాదంటాడని కాదు, చాలాసార్లు సంతకం పెట్టేస్తాడు. అయినా ఆ నంబరు ఎవరిదో, ఎందుకు వినాలో రాసిచ్చిన కాగితం పోలీసుల చేతికి అందనిచోట, కోర్టు ఫైల్లో ఉంటుంది. డిస్కులు ఏ నదిలో కలిసినా అది మిగులుతుంది. 2024 డిసెంబర్‌లో కేంద్రం ట్యాపింగ్‌కు కొత్త నియమాలు తెచ్చింది. వాటిలోనూ సంతకం అధికారిదే.