లాంగ్ షాట్‌లో తెరచాప!

సాయంత్రం పూట టాంక్ బండ్ మీద నిలబడి హుస్సేన్ సాగర్ వంక చూడండి. తెల్లటి తెరచాప ఒకటి వయ్యారంగా ఒరుగుతూ పోతుంటుంది. "డ్యూయెట్‌కి ఇంతకంటే ఏం కావాలి!" అనిపిస్తుంది. అది లాంగ్ షాట్. క్లోజప్ ఎలా వుంటుందో మొన్న ఆదివారం చూశాను!

మా మిత్రుడొకడికి పడవ పిచ్చి. ఈ సాగర్‌లోనే నేర్చుకున్నాడు. స్కూటర్ అమ్మేసి, ఆ డబ్బు జేబులో పెట్టుకుని, సెకండ్‌హాండ్ లేజర్ పడవ బేరానికి నన్ను తోడు లాక్కెళ్లాడు. లేజరంటే దాదాపు 14 అడుగుల ఫైబర్‌గ్లాస్ పడవ. మనిషి ఒక్కడే, తెరచాపా ఒక్కటే. ఆడామగా ఎవరైనా దిగగల పోటీగా 1996లో ఒలింపిక్స్‌కీ ఎక్కింది.

అమ్మేది రిటైరైన మిలిటరీ ఆయన. పడవ ఒడ్డున చెట్టు కింద వుంది. మావాడు దాన్ని చూడగానే, పెళ్లిచూపుల్లో ఫొటో చూసే ఒప్పేసుకున్న పెళ్లికొడుకులా అయిపోయాడు! "రంగు చూశావుట్రా!"

రంగు సంగతి సరే. నేను ముందురోజే పడవలు బాగుచేసే ఒకాయన్ని అడిగి నాలుగు ముక్కలు నేర్చుకున్నాను. తెరచాప విప్పి నలిపితే గంజి పెట్టిన చీరలా గరగరలాడాలి. ఇది పాత దుప్పటిలా మెత్తబడింది. పోనీ, తెరచాప మార్చుకోవచ్చు. పైతట్టు మీద పిడికిలితో కొట్టుకుంటూ పోయాను. ఒకచోట బొటనవేలితో నొక్కితే కాస్త లోపలికి దిగింది. ఒట్టి పడవ 59 కిలోలుండాలి. ఇద్దరం ఎత్తబోతే నడుములు పట్టేశాయి. వెనక బిరడా తీసి వంచితే గోధుమరంగు నీళ్లు బొటబొటా కారాయి.

"వర్షం నీళ్లే లేరా" అన్నాడు మావాడు.

అసలు పరీక్ష స్తంభం దిగే గుంట దగ్గరుంది. లేజర్‌కి స్తంభాన్ని పట్టే తాళ్లుండవు. గాలి బరువంతా ఆ గుంట మీదే. అది వదులైతే నడి సాగర్‌లో, గట్టి గాలికి, స్తంభం పైతట్టుని చీల్చుకుని వస్తుంది. గుంట నిండా నీళ్లు పోసి, మట్టం ఎక్కడుందో చూసుకుని ఆగాలి. (సాగర్ నీళ్లు ముట్టుకోబుద్ధి కాక మంచినీళ్ల సీసా వొంపాను!)

ముగ్గురం కూచున్నాం. ఎదురుగా బుద్ధుడు. 1990లో ఆ విగ్రహం పడవతో సహా మునిగి, మనుషుల్ని బలిగొని, 1992 దాకా నీటి అడుగునే వుంది. ఆ మాట పెద్దాయనే తీశారు. తర్వాత ఎవరూ మాట్లాడలేదు.

పది నిమిషాలకి చూస్తే నీళ్లు అంగుళం దిగిపోయాయి.

పెద్దాయన ముఖం చిన్నబోయింది. "నాకు తెలీదు బాబూ. మా అబ్బాయి అమెరికా వెళ్లాక దీన్ని నీళ్లలో దింపలేదు" అన్నారు. మావాడు జేబు మీద చెయ్యేసి, "బాగుచేయిస్తే..." అన్నాడు.

"చేయించాకే అమ్ముతాను. ఇప్పుడు అడ్వాన్సు కూడా వద్దు" అన్నారాయన. స్కూటర్ లేదుగా, సిటీ బస్సులో వేలాడుతూ వచ్చాం. టాంక్ బండ్ మీదికొచ్చేసరికి దూరాన తెల్ల తెరచాప కనిపించింది.

"అదిగోరా!" అన్నాను.

"ఆ స్తంభం మొదలు ఎలా వుందో!" అన్నాడు మావాడు.