తల్లులారా, దాచుకోవద్దు



పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ సంగతి మనందరికీ తెలుసు. నలుగురిలో చెప్పుకోలేని జబ్బు అది. గుంపులో వెనుకగా వచ్చి వస్త్రపు చెంగు ముట్టింది. ప్రభువు ఆమెను అలా దాగిపోనివ్వలేదు. వణుకుతూనే అందరి ఎదుట చెప్పుకుంది. ఆయన ఆమెను సిగ్గుపరచలేదు, కుమార్తె అని పిలిచాడు.

మొన్న ఉపవాస ప్రార్థన తరువాత పెద్ద వయసు తల్లులను ఒక గంట ఆగమన్నాము. మగవాళ్లమంతా బయట వేపచెట్టు కిందికి వచ్చేశాము. లోపల పాస్టరమ్మ గారు, మన ఏ.ఎన్.ఎం. కలిసి రొమ్ము క్యాన్సర్ గురించి చెప్పారు. "పిల్లలు పాలు మాని నలభై ఏళ్లయింది, ఇప్పుడు మాకెందుకమ్మా ఇది?" అని ఒక అవ్వ అడిగిందట. నిజానికి వయసు పెరిగేకొద్దీ ఈ జబ్బు వచ్చే అవకాశమూ పెరుగుతుంది. మన దేశంలో ఆడవాళ్లకు ఎక్కువగా వచ్చే క్యాన్సర్ ఇదే.

అందరూ వెళ్లాక ఒక తల్లి పాస్టరమ్మ గారి చెయ్యి పట్టుకుని ఆగిపోయింది. సంక్రాంతి నుంచి గడ్డ ఉందట. నొప్పి లేదని కోడలికి కూడా చెప్పలేదు. సోమవారం ఆమెను పెద్దాసుపత్రికి తీసుకువెళ్లాము. ముక్క తీసి పరీక్షకు పంపారు, ఫలితం ఇంకా రాలేదు. ఆమె సరేనన్నాకే ఇది రాస్తున్నాము. పేరు అడగవద్దు, ప్రార్థించండి.

ఈ గుర్తులు జ్ఞాపకముంచుకోండి. రొమ్ములోగాని చంకలోగాని గడ్డ, చర్మం సొట్టపడడం, బత్తాయి తొక్కలా మారడం, చనుమొన లోపలికి పోవడం, దాని నుంచి రక్తం కారడం. మొదట్లో గడ్డ చాలాసార్లు నొప్పి పెట్టదు. ప్రతి గడ్డా క్యాన్సర్ కాదు, కాని ఆ సంగతి తేల్చేది పరీక్షే.

ముంబయి టాటా మెమోరియల్ వారు 1998 నుంచి ఇరవై ఏళ్లు సుమారు లక్షన్నర మంది స్త్రీలను గమనించారు. అందులో సగం మందికి శిక్షణ పొందిన ఆడ కార్యకర్తలు రెండేళ్లకోసారి చేతితోనే పరీక్ష చేశారు. అలా పరీక్ష జరిగినవారిలో 50 దాటిన స్త్రీల రొమ్ము క్యాన్సర్ మరణాలు సుమారు 30 శాతం తక్కువని 2021లో తెలిపారు. 30 ఏళ్లు దాటిన స్త్రీలకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఈ చేతి పరీక్ష ఉచితం.

"ప్రార్థన చాలదా అయ్యగారూ?" అని కొందరు అడుగుతున్నారు. ప్రార్థిస్తాము, ఉపవాసముంటాము, మీతో ఆసుపత్రికీ వస్తాము. డాక్టరు దగ్గరికి వెళ్లడం అవిశ్వాసం కాదు. ఆ స్త్రీ సంగతి మనకు రాసిపెట్టిన వారిలో ఒకడైన లూకా వైద్యుడే.

కొడుకులారా, కోడళ్లారా, ఆటో ఖర్చు ఎందుకులే, మీ కూలి పోతుందేమో అని మీ అమ్మ నోరు విప్పదు. మీరే అడగండి. ఈ వారమే తీసుకువెళ్లండి.

ప్రభువు మన తల్లులను కాపాడును గాక. ఆమేన్.