నాలుగో విజిల్

పదింటికి మీటింగ్. మూడో విజిల్‌కి కుక్కర్ కట్టేద్దామనుకుంటూనే లాగిన్ అయ్యా. నేను మ్యూట్ తీసిన క్షణంలోనే నాలుగోది కూసింది. అవతల అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చేస్తాను!

ఇంటిపనీ ఆఫీసుపనీ సర్దుకుందామని అంతకుముందే టైమ్ టేబుల్ రాసి ఫ్రిజ్‌కి అంటించా. రెండో రోజే మా చిన్నది దాని మీద ఏనుగు బొమ్మ వేసేసింది. (ఏనుగు మాత్రం భలే కుదిరింది.)

2024 కేంద్ర ప్రభుత్వ టైమ్ యూజ్ సర్వే చూశా. జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లకు సగటున రోజుకు 289 నిమిషాలు, మగవాళ్లకు 88. ఈ 201 నిమిషాల తేడాని ఏ టైమ్ టేబుల్ సర్దుతుందమ్మా?

అందుకే నిన్నటి నుంచి రాత్రి గిన్నెలు మా ఆయనవి. అప్పుడే రెండు గాజు గ్లాసులు పగిలాయి. పర్లేదు, స్టీలువి ఉన్నాయి.